మెడలో పేగు ఉందని స్కాన్‌లో రాస్తే నార్మల్ కోసం ఆగొచ్చా?

36వ వారం స్కాన్‌లో బిడ్డ మెడకు బొడ్డుతాడు ఒక చుట్టు ఉందని రాశారు, నొప్పుల దాకా ఆగొచ్చా, ముందే సిజేరియన్ చేయించుకోవాలా అని అడిగారు. వేరే ఇబ్బందేమీ లేకపోతే నిశ్చింతగా ఆగొచ్చు. ఆ ఒక్క వాక్యం ఆపరేషన్‌కు కారణం కాదు.

అందరి భయమూ ఊపిరాడదేమోనని. కడుపులో బిడ్డ గొంతుతో ఊపిరి తీసుకోదు. ఆక్సిజన్ మాయ నుంచి తాడు ద్వారానే అందుతుంది. కాబట్టి గమనించాల్సింది తాడులో రక్తం సరిగ్గా పారుతోందా లేదా అన్నదే. తాడు సాధారణంగా 50–60 సెంటీమీటర్లు ఉంటుంది. లోపలి రక్తనాళాల చుట్టూ జిగురులాంటి మెత్తటి పదార్థం ఉంటుంది కనుక చిన్న ఒత్తిడికి నలగదు. నెలలు నిండి పుట్టేవాళ్లలో దాదాపు నలుగురైదుగురికి ఒకరికి ఈ చుట్టు ఉంటుంది. ఇవాళ కనిపించింది రేపు విడిపోవచ్చు, లేనిది కొత్తగా పడవచ్చు. మీరు చేతులు పైకెత్తినందుకు పడలేదు, పడుకునే తీరు మారిస్తే పోదు.

నొప్పుల తొలి గంటల్లో మామూలుగా ఏ తేడా తెలియదు. తేడా వస్తే ఎక్కువగా తల బాగా దిగి, మీరు ముక్కే సమయంలో వస్తుంది. నొప్పి వచ్చినప్పుడు తాడు నొక్కుకుని బిడ్డ గుండె వేగం ఠక్కున పడిపోతుంది, నొప్పి తగ్గగానే మళ్లీ నిమిషానికి 110–160 మధ్యకు వచ్చేస్తుంది. ఇలా పడి లేవడాన్ని బిడ్డలు బాగానే తట్టుకుంటారు. పడటం లోతుగా, ఎక్కువసేపు అవుతున్నా, కోలుకోవడం ఆలస్యమవుతున్నా, నొప్పికీ నొప్పికీ మధ్య మిషన్ గీసే గుండె వేగం గీత చదునుగా మారినా అప్పుడు జాగ్రత్త పడాలి. ముందు పక్కకు తిప్పి పడుకోబెడతారు, నొప్పులు పెంచే డ్రిప్ ఆపేస్తారు, ప్రతి నొప్పికీ ముక్కకుండా ఒకటి వదిలి ఒకటి ముక్కమంటారు. చాలాసార్లు ఇంతటితోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని తల కిందికి వచ్చి ఉంటే తలను పట్టి బయటకు లాగే వాక్యూమో ఫోర్సెప్సో, లేకుంటే సిజేరియన్. అప్పుడు చేసే సిజేరియన్‌కు సరైన కారణం ఉన్నట్టు.

బిడ్డ గుండె వేగాన్ని ఆపకుండా నమోదు చేసే మిషన్ పెట్టి ఉంచకపోయినా సరే, ముక్కే దశలో కనీసం 5 నిమిషాలకోసారి, నొప్పి తగ్గిన వెంటనే ఒక నిమిషం పాటు గుండె చప్పుడు వినాలి. ఇది మీరు ముందే అడిగి పెట్టుకోండి. బిడ్డ బరువు తక్కువగా ఉన్నా, ఉమ్మనీరు తగ్గినా మిషన్‌తో ఆపకుండా చూడమనండి.

తల బయటకు రాగానే పురుడు పోసేవాళ్లు వేలితో మెడ తడిమి చూస్తారు. వదులుగా ఉంటే తల మీదుగా తీసేస్తారు, రాకపోతే భుజాల మీదుగా జార్చి బిడ్డను అలాగే బయటకు రానిస్తారు. బిగుతుగా ఉంటే తలను తల్లి తొడకు ఆనించి పట్టుకుని, ఒళ్లు పల్టీ కొట్టినట్టు బయటకు వచ్చాక చుట్టు విప్పుతారు. భుజాలు రాకముందే తాడు కత్తిరించడం చిట్టచివరి మార్గంగానే ఉండాలి. కోశాక భుజాలు ఇరుక్కుంటే బిడ్డకు ఆక్సిజన్ అందే దారే ఉండదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. బిగిసిన తాడులో, మాయ నుంచి బిడ్డకు రక్తం తెచ్చే పలచటి గోడలున్న సిర ముందు నలుగుతుంది, ధమనులు మాత్రం బిడ్డ రక్తాన్ని మాయలోకి తోస్తూనే ఉంటాయి. దాంతో బిడ్డ పాలిపోయి పుట్టవచ్చు. వీలైతే తాడు విప్పి, కోయకుండా కనీసం ఒక నిమిషం ఉంచితే ఆ రక్తం కొంత తిరిగి చేరుతుంది. ముఖం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి, కొద్ది రోజుల్లో పోతాయి.

అప్పటిదాకా మీరు చూసుకోవాల్సింది కదలికలే. రోజూ ఉండే తీరు కన్నా తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా, అర్ధరాత్రయినా వెళ్లి చూపించుకోండి.