ట్యూబు కన్నా ముందు ఉప్పును చూడు

చిరంజీవి మేనల్లుడికి,

చెన్నై దగ్గర మణలి ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మరమ్మతుకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ నీకిదే మొదటిది కదా, టెన్షన్ ఉంటుంది. ట్యూబు గోడ మందం కొలిచే ముందు, దాని చుట్టూ తిరిగే ఉప్పు సంగతి తెలుసుకో.

ఆర్థోజైలీన్ ఆవిరి నుంచి థాలిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనం తయారుచేసే రియాక్టర్లో వేల ట్యూబుల లోపల చర్యను నడిపే కేటలిస్ట్, బయట ఆ వేడిని లాగేసే కరిగిన ఉప్పు ఉంటాయి. మామూలుగా అందులో 53 శాతం పొటాషియం నైట్రేట్, 40 శాతం సోడియం నైట్రైట్, 7 శాతం సోడియం నైట్రేట్. 142 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సుమారు 450 డిగ్రీల లోపు, శుభ్రంగా ఉన్నంతకాలం కార్బన్ స్టీల్‌కు పెద్దగా హాని చేయదు. ట్యూబు మీద పలుచని నల్లటి పొర కట్టి అదే కాపాడుతుంది. అంతకన్నా వేడెక్కితే నైట్రైట్ విరిగిపోతుంది, స్టీల్ తరుగుదల వేగం పుంజుకుంటుంది. గాలి తగిలినా నైట్రైట్ మెల్లగా నైట్రేట్ అవుతుంది. ఉప్పు గడ్డకట్టే ఉష్ణోగ్రత పెరుగుతోందంటే అదే సంకేతం. అందుకే ఉప్పు ట్యాంకులో పైన గాలికి బదులు నైట్రోజన్ ఎప్పుడూ ఉండేలా చూడు. క్లోరైడ్ కలిస్తే ఆ నల్ల పొర నిలవదు. సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి బస్తాలు విప్పి వదిలేయనివ్వకు. ఉప్పు తేమ పీల్చుకుంటుంది. కొత్త సరుకు వస్తే క్లోరైడ్ రిపోర్టు చూడకుండా దించుకోకండి.

శాంపిల్ తీసే గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి. తడి ఉంటే ఉప్పు ఎగిరి మొహం మీద పడుతుంది, ఈ మాట తేలిగ్గా తీసుకోకు. శాంపిల్ చల్లారాక గోరువెచ్చని నీళ్లలో కరిగించి వడకట్టు. ఫిల్టర్ పేపరు మీద ఎర్రగోధుమ మడ్డి మిగిలితే, మీ ట్యూబులనో వాటి చుట్టూ ఉండే షెల్‌నో ఉప్పు తింటోందన్నమాట.

ట్యూబు లోపలికి వెళ్లే అవకాశం కేటలిస్ట్ దించినప్పుడే దొరుకుతుంది. కార్బన్ స్టీల్ అయస్కాంతానికి అంటుకునే లోహం కాబట్టి విద్యుత్ సుడులతో లోపాలు వెతికే మామూలు ఎడ్డీ కరెంట్ పరీక్ష పనికిరాదు, అలాంటి లోహానికి సరిపడే రిమోట్ ఫీల్డ్ పరీక్ష అడుగు. దానికీ ఒక లోపం ఉంది. ట్యూబుల చివరలు బిగించే పలక, అంటే ట్యూబ్‌షీట్ దగ్గర అది లోపాల్ని సరిగా పట్టుకోదు. నాకు ఎక్కువ అనుమానం కూడా అక్కడే. పై ట్యూబ్‌షీట్ కింద గ్యాస్ చేరితే ఉప్పు తగలదు, ట్యూబు అక్కడ వేడెక్కుతుంది. ఆ భాగానికి నీళ్లు నింపి చేసే అల్ట్రాసోనిక్ పరీక్ష, అంటే ఐరిస్, పెట్టించు. అది అయ్యాక ట్యూబు పూర్తిగా ఆరిందని నువ్వే నిర్ధారించుకో.

ఒక ట్యూబు చిల్లు పడి దాని చివరలు మూసేస్తే, అంటే ప్లగ్ చేస్తే, పక్కవాటినీ పరీక్షించు. చిల్లులోంచి ఆర్థోజైలీన్ ఆవిరి ఈ ఉప్పును కలిస్తే మంటో పేలుడో అవుతుంది. ప్రొడక్షన్ వాళ్లు ఎంత తొందరపెట్టినా ఇందులో మాత్రం తగ్గకు.

పాత ప్లగ్‌ల మ్యాపు, ఏడాది నైట్రైట్ రీడింగులు తీసుకుని ఆదివారం ఇంటికి రా. కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య