మిద్దె కాలుతుంటే, పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే

ప్రశ్న: మాది అనంతపురం. మిద్దె పైన రెండు గదుల్లో బాడుగకు ఉంటాం. పెద్దోడికి ఏడేళ్లు, పాపకు నాలుగు, చంటోడికి నాలుగు నెలలు. చంటోడికి నా పాలే. ఆయన పొద్దున ఎనిమిదికి అంగడికి పోతే రాత్రి తొమ్మిదికి వస్తారు. బడికి సెలవులిచ్చినప్పటి నుంచి పెద్దపిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. రాత్రి పదకొండున్నరదాకా ఫోను చూసి పొద్దున ఎనిమిదికి లేస్తున్నారు. మధ్యాహ్నం చంటోడు కళ్లు మూశాడని నేను అంట్లు ముందేసుకుంటే వీళ్ల కొట్లాట మొదలు, వాడు ఉలిక్కిపడి లేస్తాడు. ఆ కోపంలో పెద్దోణ్ణి కొడుతున్నాను, తర్వాత నేనే ఏడుస్తున్నాను. చంటోడికి నాలుక పిడచ కడుతోంది, కాచిన నీళ్లు తాపమని మా అత్తమ్మ అంటుంది. వద్దన్నందుకు మాట్లాడటం మానేసింది. మా పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గర పల్లె. పాత మట్టిమిద్దె, ముందర వేపచెట్టు. అక్కడికి పోతానంటే ఇక్కడ అలుగుతారు. పోవాలా, ఇక్కడే సర్దుకోవాలా?

జవాబు: అమ్మా, మీరు చేయి చేసుకున్న సందర్భాలన్నీ మధ్యాహ్నం వేళవే. అప్పటికి స్లాబు కాగి ఉంటుంది. మీరు తెల్లవారుజాము నుంచి కాళ్ల మీద నిలబడే ఉంటారు. పిల్లలు గంటల తరబడి నాలుగు గోడల మధ్యే ఉంటారు. అందుకే ఓపిక పట్టమని మీకు చెప్పను. నిద్ర లేని ఒంటికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? మీ ఇంట్లో రోజు నడిచే తీరు మారాలి. అది మారితే కోపం చాలావరకు దానంతటదే దిగుతుంది.

ముందు నీళ్ల గొడవ. ఇందులో మీరు చేసిందే సరి. ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండైనా తల్లిపాలు తప్ప బిడ్డకు ఇంకేమీ అక్కర్లేదు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. వాడి చిన్న పొట్టను నీళ్లతో నింపితే ఆ మేరకు పాలు తగ్గుతాయి, బరువు పెరగడు. గిన్నె, చెంచాల మురికితో విరేచనాలు పట్టుకోవచ్చు. నీళ్లు మరీ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు పలచబడి ఫిట్స్ కూడా రావచ్చు. ఎండ వేళ వాడు గంటకూ గంటన్నరకూ అడుగుతాడు, కాసేపు తాగి వదిలేస్తాడు. అది దాహం తీర్చుకోవడమే, మీకు పాలు చాలడం లేదని కంగారు పడొద్దు. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా, లేత రంగులో మూత్రం పోస్తుంటే వాడికి సరిపోతున్నట్టే. ఒళ్లూ ఒళ్లూ అంటుకుని చెమటకు గింజుకుంటుంటే పక్కకు తిరిగి పడుకుని పాలివ్వండి, వాడి తల కింద మీ చేయి బదులు పలచని నూలుగుడ్డ మడత ఉంచండి. పాలిచ్చిన ప్రతిసారీ మీరు ఒక గ్లాసు నీళ్లో మజ్జిగో తాగాలి. చెంబు పక్కనే పెట్టుకుని కూర్చోండి, లేచి తెచ్చుకుందామనుకుంటే తాగడం జరగదు.

మీ అత్తమ్మకు ఇది కోడలి నోట వినడం కష్టం. ఏఎన్‌ఎం నర్సమ్మ ఇంటికొచ్చినప్పుడు అత్తమ్మ ఎదురుగానే అడగండి: "అక్కా, ఈ ఎండకు వీడికి నీళ్లు తాపొచ్చా?" జవాబు అక్కడి నుంచే రానివ్వండి. అత్తమ్మ పట్టుదల వెనక ఉన్నది బిడ్డ వాడిపోతాడన్న భయం. ఆ భయానికి చేతినిండా పని అప్పజెప్పండి. పొద్దున ఏడులోపు కొబ్బరినూనె పలచగా రాసి స్నానం చేయించడం, పదకొండుకూ మూడుకూ తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, ఎన్నిసార్లు తడిపాడో లెక్క చూడటం ఆమెవి. "కాస్త లెక్క చూస్తుండత్తా, నాకు గుర్తుండటం లేదు" అని అడిగితే ఆమె కాదనే అవకాశం తక్కువ. ఒక్క సాంబ్రాణి పొగ మాత్రం వద్దనండి, అది చంటిబిడ్డ ఊపిరికి మంచిది కాదు. చెమటకాయలు లేస్తే పౌడరు చల్లొద్దు. పౌడరు చెమటతో కలిసి ముద్దవుతుంది, దుమ్ము ముక్కులోకి పోతుంది. రెండుపూటలా స్నానం, మెడ మడతలు అద్ది తుడవడం, వదులుగా ఒక నూలు జుబ్బా చాలు. చెమటకాయలు తగ్గేదాకా జిడ్డు నూనె, సున్నిపిండి కూడా ఆపేయండి.

స్నానం నీళ్లలో ఒక ప్రమాదం ఉంది. మిద్దె మీద ట్యాంకు, ఎండలో పడి ఉన్న పైపు... మధ్యాహ్నం కొళాయి తిప్పితే మొదట వచ్చే నీళ్లు చర్మం కాలేంత వేడిగా ఉంటాయి. తెల్లారే ఒక బకెట్ పట్టి నీడన పెట్టుకోండి, మధ్యాహ్నానికి అవే వాడండి. అయితే నిండిన బకెట్లు, డ్రమ్ములు ఉన్నచోట నాలుగేళ్ల పాప ఒంటరిగా ఉండకూడదు. జానెడు లోతు లేని నీళ్లలోనూ పిల్లలు తలకిందులై మునిగిపోతారు, చప్పుడు కూడా కాదు. స్నానాలగదికి బయట గొళ్లెం, పాప చేతికి అందని ఎత్తులో. డ్రమ్ములకు మూత. వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపలి అంచులు గట్టిగా తోమితే డెంగీ దోమ గుడ్లు కూడా పోతాయి.

ఇక రోజు సంగతి. మీ పిల్లలు రాత్రి పదకొండున్నరదాకా ఫోను చూసి పొద్దున ఎనిమిదికి లేస్తున్నారని రాశారు. అంటే మన ఎండాకాలంలో పిల్లలు బయట తిరగగలిగిన రెండు గంటలూ వాళ్లు నిద్రలోనే పోగొట్టుకుంటున్నారు. ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటుంది, ఇక లోపలే. ఆ ఆడని ఆటంతా మధ్యాహ్నం మీ గదిలో బయటపడుతుంది. పడుకునే వేళ మార్చాలని రాత్రుళ్లు పోట్లాడొద్దు, లేపే వేళ మార్చండి. మూడు నాలుగు రోజులు గొణిగినా ఐదూ ముప్పావుకు లేపేయండి. రాత్రి నిద్ర దానంతటదే ముందుకు జరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వరకు వీధిలో ఆట, సైకిలు, బంతి, ఏదైనా సరే, బయట ఉండాలి. మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాత. పదకొండు నుంచి నాలుగు వరకు ఎవరూ ఎండలోకి పోకూడదు, పాల ప్యాకెట్ కోసం కూడా.

తూర్పు కిటికీలు తొమ్మిదికల్లా మూసి గుడ్డ దింపండి, పడమటివి మధ్యాహ్నానికి. సాయంత్రం ఏడు దాటాక అన్నీ తెరవండి. కూలరుంటే దాన్ని కిటికీకి వీపు పెట్టి, బయటి గాలి లాగేలా ఉంచండి. ఎదురు తలుపో కిటికీయో జానెడు తెరిచి ఉండాలి. అన్నీ బిగించి కూలర్ వేసుకుంటే గంటలో గది ఆవిరి పట్టి చెమట ఆరదు, చెమటకాయలు అందుకే ఎక్కువవుతాయి. మనది పొడి వేడి కాబట్టి కూలర్ ఇక్కడ కోస్తాలో కంటే బాగా పనిచేస్తుంది, తలుపు తెరిచి ఉంటేనే. గాలి నేరుగా చంటోడి మొహానికి కాకుండా పక్క నుంచి పోనివ్వండి. నీళ్లు పోసేముందు ప్లగ్ తీయాలి. ఎర్త్ ఉన్న మూడుపిన్నుల ప్లగ్గే వాడాలి. తడిచేతులతో పిల్లలు కూలర్‌ను ముట్టుకోవడం ఈ కాలంలో పెద్ద అపాయం. ఇంటి ఓనరు ఒప్పుకుంటే మిద్దెకు సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి, తెలుపు ఎండను తిప్పికొడుతుంది, పై గదికి తేడా బాగా తెలుస్తుంది. చంటోడి చీర ఉయ్యాల మీద దోమలకనో వెలుతురుకనో దుప్పటి కప్పొద్దు, లోపల గాలి ఆడదు. మీ కళ్లు పడనప్పుడు పెద్దపిల్లలను ఉయ్యాల ఊపనివ్వొద్దు.

మీ అసలు చిక్కు మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర ఉంది. చంటోడు పడుకోగానే మీరు అంట్లు ముందేసుకుంటున్నారు. ఆ గంటన్నర మీ నిద్రకు. అంట్లు నానబెట్టి సాయంత్రం నీడ పడ్డాక తోమండి, లేదా ఆయన రాత్రి తోమాలి. నిద్రకు పెద్దపిల్లలను కూడా ఒక చోట చేర్చండి. బండలు తడిగుడ్డతో తుడిచి, చాపలు వేరు వేరుగా, ఇద్దరి మధ్యా మీ అత్తమ్మ. నిద్ర పట్టకపోయినా పరవాలేదు, పడుకుని ఉండాలి, గుసగుసగా మాట్లాడుకోవచ్చు. జేజి (నాయనమ్మ) కథ చెబితే ఇంకా మంచిది. లేచాక రెండున్నర నుంచి మూడున్నర వరకు ఫోను, రోజూ అదే వేళ, తర్వాత అల్మారా పైకి. వేళ ఖాయమైతే రోజంతా అడుక్కోవడం ఆగుతుంది. ఆ తర్వాత అష్టాచమ్మా, పులిమేక, వామనగుంటలు. చింతపిక్కలు పళ్లెంలో లెక్కపెట్టి ఇచ్చి, ఆట అయ్యాక లెక్కపెట్టి తీసుకోండి. నాలుగో నెల నుంచి చంటోడు చేతికందింది నోట్లో పెట్టుకుంటాడు.

పెద్దోడి గురించి. ఏడేళ్లవాడికి "తమ్ముణ్ణి చూసుకో" అనేది పని కాదు, భారం. వాడు చేసి ముగించగలిగిన పని ఇవ్వండి. చాపలు పరచడం, పిట్టలకు పిట్టగోడ మీద నీళ్లు పెట్టడం, తన లీటరున్నర సీసా, చెల్లెలి లీటరు సీసా పొద్దునే నింపి సాయంత్రానికి ఖాళీ అయ్యాయో లేదో చూపించడం లాంటివి. కోపం తలకెక్కినప్పుడు చంటోణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, అత్తమ్మను పిలిచి, బయటికి పోయి మొహం కడుక్కోండి. రెండు నిమిషాలు వాడు ఏడ్చినా ఏమీ కాదు. ఎంత విసుగొచ్చినా చంటిబిడ్డను పట్టుకుని ఊపేయకూడదు, మెదడుకు దెబ్బ తగులుతుంది. కొట్టిన రోజు సాయంత్రం పెద్దోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "కొట్టడం నా తప్పు నాన్నా" అనండి. "నువ్వు అలా చేశావు కాబట్టి" అని తగిలించొద్దు. తగిలిస్తే వాడికి ఆ రెండో ముక్కే గుర్తుంటుంది.

తిండి విషయంలో తొమ్మిదికల్లా వంట అయిపోవాలి, రాగి సంగటో అన్నమో, పప్పు, మజ్జిగ. కొబ్బరి చట్నీ మధ్యాహ్నం దాటనివ్వొద్దు. రాత్రికి పొయ్యి ముందు నిలబడకండి, రోడ్డు పక్కన కాల్చి అమ్మే జొన్నరొట్టెలు ఆయన వచ్చేటప్పుడు తెస్తారు. చీనీకాయలు, ముంజలు, కరబూజ పెట్టండి, రంగు ఐసు ప్యాకెట్లు వద్దు.

పెద్దపిల్లలకు విరేచనాలైతే లీటరు నీళ్లకు వేసే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపండి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే మేలు కంటే కీడు ఎక్కువ. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. విరేచనమైన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు, గుక్కగుక్కగా. జింక్ మాత్ర 20 మిల్లీగ్రాములు 14 రోజులు, మధ్యలో తగ్గినా ఆపొద్దు. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యని పానీయాలు దానికి బదులు కావు. చంటోడికి విరేచనాలైతే పాలు మానకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఒళ్లు కాలుతుంటే బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడిచి, అరగంట ఆగి చూడండి. అప్పటికీ 100.4 డిగ్రీలు ఉంటే ఎండ వేడి అనుకుని ఊరుకోవద్దు. ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మాడు గుంట పడినా, పాలు పట్టకుండా మగతగా ఉన్నా ఆసుపత్రికే. పిల్లల్లో ఎవరికైనా ఒళ్లు నిప్పులా కాలుతూ మాట తడబడితే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా నీళ్లతో ఒళ్లు తడుపుతూ విసరండి.

మీ ఆయనతో "నాకు సాయం చేయండి" అంటే ఆయనకు ఏం చేయాలో తెలియదు. రెండు పనులు పేరుపెట్టి అప్పజెప్పండి. కొళాయి వచ్చిన రోజు నీళ్లు పట్టడం ఆయన పని. రాత్రి తొమ్మిదిన్నరకు మీరు పాలిచ్చి పడుకున్నాక పన్నెండుదాకా చంటోడు ఆయన దగ్గర, ఆకలికి ఏడిస్తే తప్ప మిమ్మల్ని లేపకూడదు. అంత నిద్ర దొరికినా రెండు వారాలకు ఏడుపు ఆగకపోతే, బిడ్డను చూసినా మనసు కదలకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది బలహీనత కాదు, కాన్పు తర్వాత చాలామందికి వచ్చే జబ్బు, మందుంది. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకుండా ఆ రోజే చేయండి.

పుట్టింటికి పొమ్మనే నా మాట. మందపు మట్టిగోడల ఇల్లు, చెట్టు నీడ, మీ అమ్మ చేయి... మీ పై గదుల కంటే అది మేలు. అయితే అలిగి పోయినట్టు ఉండకూడదు. ముందు ఒక వారం పైన చెప్పినట్టు రోజు నడపండి, అత్తమ్మతో మాట కలిశాక, పది పదిహేను రోజులకని తేదీ చెప్పి, తిరిగొచ్చే తేదీ కూడా చెప్పి పొండి. వీలైతే ఆమెను కూడా రమ్మని పిలవండి. తాడిపత్రి మీదుగా పొద్దున మొదటి బస్సుకే బయలుదేరితే ఎండ ముదిరేలోపు చేరతారు. సంచిలో థర్మామీటర్, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, చంటోడి బరువుకు ఎంత జ్వరం మందో డాక్టరు రాసిచ్చిన చీటీ ఉండాలి. అక్కడ మీ నాన్నకు ముందే రెండు మాటలు చెప్పండి. పశువుల తొట్టి దగ్గర పాప ఒంటరిగా ఉండకూడదు, ఈతకని పెద్దోడు పెద్దవాళ్లు లేకుండా బావి దిగకూడదు. బండల సందుల్లో తేళ్లుంటాయి, రాళ్లు కదపొద్దని, పొద్దున చెప్పులు దులిపి తొడుక్కోమని పిల్లలకు నేర్పండి. బడి తెరిచే వారం ముందే తిరిగి రండి.