దయ్యం అక్కకి పట్టిందా, అక్కని పట్టిందా?

సందేహం: మేం నలుగురు స్నేహితులం తలా కొంత వేసుకుని భీమిలిలో ఒక పాత పెంకుటింట్లో హారర్ మిస్టరీ సినిమా తీస్తున్నాం. అక్కకి నిజంగానే దయ్యం పట్టిందా, లేక నాన్న పోయిన దిగులుతో మనసు చెదిరిందా అన్నది చివరిదాకా తేలదు. తమ్ముడి డైలాగు ‘అక్కకి దయ్యం పట్టింది’ అని రాశాను. అమ్మమ్మ వేషం వేస్తున్నావిడ రిటైరైన తెలుగు టీచరు. ‘అక్కని’ అనాలి, ‘అక్కకి’ తప్పు అంటున్నారు. ఏది ఒప్పు? అలాగే పోస్టరు మీద దయ్యం అని వేయాలా, దెయ్యం అనా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: రెండూ ఒప్పే. కానీ రెండిటికీ అర్థం ఒకటి కాదు. మీ కథకి కావలసింది ఆ తేడాయే.

టీచరుగారి మాటలో న్యాయం ఉంది. పిల్లి ఎలుకని పట్టింది, పోలీసు దొంగని పట్టాడు. పట్టేది ఒకరు, దొరికేది ఇంకొకరు. భూతవైద్యుడు వేపమండ ఝాడిస్తూ ‘ఎవరే నువ్వు? ఈ పిల్లని ఎందుకు పట్టావ్?’ అని గద్దిస్తాడు. ‘ఈ పిల్లకి ఎందుకు పట్టావ్’ అని ఏ భూతవైద్యుడూ అడగడు. ఎదురుగా ఒకరున్నారని నమ్మి పలకరిస్తున్నాడు కాబట్టి నోట్లోంచి ‘ని’ తప్ప ఇంకోటి రాదు.

ఇక ‘కి’ సంగతి. నాకు నిద్ర పట్టింది, వాడికి చెమట పట్టింది, అతనికి పిచ్చి పట్టింది. బీచ్‌రోడ్డు వైపు ఇళ్లలో ఉండేవాళ్లకి బాగా తెలిసిన మాట, గ్రిల్లుకి తుప్పు పట్టింది. వీటిలో పట్టుకున్నవాడు ఎవడూ లేడు, మనిషికో వస్తువుకో కలిగిన స్థితి తప్ప. అందుకే ‘అతన్ని పిచ్చి పట్టింది’ అనం. అర్ధరాత్రి దాకా ఫోను చూస్తున్న కొడుకుని తల్లి ‘నీకేమైనా దయ్యం పట్టిందా?’ అని తిడుతుంది. అక్కడ దయ్యం లేదని ఇద్దరికీ తెలుసు. అదే తల్లి గొంతు తగ్గించి ‘నిన్ను దయ్యం పట్టిందా?’ అంటే పిల్లాడు నిజంగా హడలిపోతాడు.

అలాగని ‘కి’ వాడినవాళ్లంతా దయ్యాన్ని నమ్మనివాళ్లని అనుకోకండి. పొక్కులు లేస్తే ‘పిల్లాడికి అమ్మవారు పోసింది’ అనేవారు. పోసింది సాక్షాత్తూ దేవతే, అయినా పిల్లాడికి చేరింది ‘కి’. ‘గాలి సోకింది’ అన్నా అంతే. ఆ సోకడమే ఇప్పుడు వైరస్‌కీ సరిపోయింది. అంటే ‘ని’ ఒకవైపే మొగ్గుతుంది, ‘కి’ రెండువైపులా నిలబడుతుంది. చివరిదాకా తేలకూడదనుకునే మిస్టరీకి ఇంతకంటే చవకైన సాధనం దొరకదు. గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేవని మీరే రాశారు, విభక్తికి ఖర్చేమీ లేదు కదా!

కాబట్టి తమ్ముడి డైలాగు మార్చకండి. అమ్మమ్మ మాత్రం ‘అక్కని’ అనాలి. టీచరుగారు కోరిందీ అదే, ఆవిడ పాత్రకి సరిపోయేదీ అదే. ఆవిడ నమ్ముతుంది, తమ్ముడికి ఇంకా తెలియదు.

డాక్టరు పాత్ర చినవాల్తేరు మానసిక వైద్యశాల నుంచి వస్తాడని రాశారు. అతని చేత ‘ఆమెకి భ్రాంతి కలుగుతోంది’ అనిపించే ముందు ఒకటి చూసుకోండి. మసక చీకట్లో తాడుని చూసి పామనుకుంటే వేదాంతులు రజ్జుసర్పభ్రాంతి అన్నారు. అక్కడ తాడు అంటూ ఒకటుంది. మీ సీన్లో కిటికీ కర్టెన్ కదిలి మనిషిలా కనిపిస్తే భ్రాంతి అనొచ్చు. గోడ తప్ప ఏమీ లేనిచోట నాన్న నిలబడి పిలిస్తే డాక్టర్లు హాలూసినేషన్ అంటారు. ఆ మాటే అననివ్వండి, హాల్లో అందరికీ అర్థమవుతుంది.

పోస్టరు సంగతి. దైవము అన్న సంస్కృతపదానికి వికృతి దయ్యము. పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడు, విధి అనే అర్థాలూ ఉన్నాయి. ఇప్పుడు ఆ అర్థం పోయి పీడించేది మిగిలింది. దెయ్యం వాడుకలో వచ్చిన రూపం, అదీ తప్పు కాదు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. మీరు ఉత్తరంతో పంపిన రెండు పేజీల స్క్రిప్టులో మూడుచోట్ల దయ్యం, రెండుచోట్ల దెయ్యం ఉన్నాయి.