పాఠకుల ప్రశ్నలు: ‘ది అంగ్రేజ్’లో అంత విశేషం ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి, అతని స్నేహితులు ‘ది అంగ్రేజ్’ సినిమాలోని డైలాగులు ఒకరికొకరు అప్పజెప్పుకుని నవ్వుకుంటూ ఉంటారు. వాళ్ల పోరు పడలేక నేనూ ఒక అరగంట చూశాను. కథ కదలదు, తీసిన తీరు చూస్తే చుట్టచుట్టేసినట్టుంది. ఇరవై ఏళ్ల కిందటి ఈ సినిమాను ఇప్పుడు కూర్చుని చూడవలసిన అవసరం ఉందంటారా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: ఉందనే అంటాను. మీరు చెప్పిన లోపాలు నిజమే. విదేశాల నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన ఇద్దరు యువకులు, చార్మినార్ దగ్గర పొద్దుపుచ్చే ఇస్మాయిల్ భాయ్ గ్యాంగు, డబ్బు కోసం కిడ్నాప్‌కు పథకం వేసే ఇంకో ముఠా: ఈ మూడింటినీ కలిపి కుంట నిఖిల్ కథ రాసుకుని, తానే దర్శకత్వం వహించి, ఆ ఇద్దరు యువకులలో ఒకరిగా నటించారు. కిడ్నాప్ వ్యవహారంలో పట్టు లేదు. ప్రేమ సన్నివేశాలు వచ్చి పోతాయి, అంతే. సినిమాకు ప్రాణం పోసింది చార్మినార్ గ్యాంగు.

చార్మినార్ చూడటానికి వచ్చిన ఆ ఇద్దరితో ఈ గ్యాంగుకు మాటా మాటా పెరిగి, గొడవ ముదిరి, పోలీసులు వచ్చేసరికి ఇస్మాయిల్ భాయ్ మనుషులు కాలికి బుద్ధి చెబుతారు. అక్కడి నుంచి భాయ్‌కి ప్రతీకారం తప్ప మరో ధ్యాస ఉండదు. అయితే నవ్వు పుట్టేది ఆ ప్రతీకారంలో కాదు, దాని గురించి వాళ్లు చేసే చర్చల్లో. సలీం తాను చేయని ఘనకార్యాలన్నీ చేసినట్టే చెబుతాడు, అందుకే అతనికి ‘ఫేకు’ అన్న పేరు పడింది. అతని కోతలు అబద్ధాలని పక్కనున్నవాళ్లందరికీ తెలుసు, అయినా వింటారు, విని వెక్కిరిస్తారు, మళ్లీ వింటారు. ఆ పాత్రలో మస్త్ అలీ, ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నిస్తున్నట్టు కనబడరు. తమ పరువు గురించి వాళ్లకున్న పట్టింపు అంత నిజంగా ఉండబట్టే మనకు నవ్వాగదు. ‘మనీ’ (1993)లో బ్రహ్మానందం వేసిన ఖాన్ దాదాను ఇష్టపడినవారికి వీళ్లు కొత్తవాళ్లనిపించరు.

నా దృష్టిలో ఈ సినిమా చేసిన అసలు పని వేరే ఉంది. ‘గుమ్‌నామ్’ (1965)లో మెహమూద్ వేసిన వంటవాడి పాత్ర మొదలుకొని, హిందీ సినిమాలలో మన దక్కనీ యాసకు, అంటే హైదరాబాద్‌లో వాడుకలో ఉన్న ఉర్దూకు, దక్కినది ఎక్కువగా హాస్యగాడి వాటానే. ముఖ్యపాత్రలు మాట్లాడే భాష వేరుగా ఉండేది. ‘ది అంగ్రేజ్’లో ఆ వరుస తిరగబడింది. ఇక్కడ దక్కనీయే ఇంటి భాష, విదేశీ ఇంగ్లిష్‌తో వచ్చినవాళ్లే ఎబ్బెట్టుగా వినిపిస్తారు. పాతబస్తీలో, ఇరానీ హోటళ్లలో ఆ మాట ఎలా సాగుతుందో, ఎక్కడ లాగి ఎక్కడ విరుస్తారో, స్నేహితుణ్ణి ఎంత ప్రేమగా తిడతారో, అదంతా దిద్దకుండా తెర మీదికి వచ్చింది. తమ మాట తమకు వినబడిందన్న సంతోషమే మీ అబ్బాయి వంటివారిని ఆ డైలాగులు మళ్లీ మళ్లీ అనుకునేలా చేస్తోందని నా నమ్మకం. ఈసారి కథ కోసం ఎదురుచూడకుండా, ఆ చార్మినార్ గ్యాంగు పక్కన కూర్చుని వింటున్నట్టుగా చూడండి.

ప్రశ్న: నాకు ఉర్దూ రాదు. హిందీ కూడా అంతంత మాత్రమే. ఈ సినిమా అర్థమవుతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అర్థమవుతుంది. ఆటోలోనో బజారులోనో ‘నక్కో’ (వద్దు), ‘హౌ’ (అవును), ‘కైకూ’ (ఎందుకు) అనే మాటలు మీ చెవిన పడే ఉంటాయి. తరతరాలుగా తెలుగుతో కలిసి మెలిగిన భాష కనుక వాక్యం నడక కూడా మనకు అలవాటైనదే. మొదట్లో కొంత వేగంగా అనిపిస్తే, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. తిట్లు బాగానే ఉన్నాయి కాబట్టి పిల్లలకు చూపించే ముందు ఒకసారి మీరు చూడటం మంచిది.