కానుకల లెక్క చేతికొచ్చాక

తమ్ముడూ, ప్రభువు నామంలో వందనాలు.

సంఘం డబ్బు ఎక్కడ పెట్టుబడి పెడితే మంచిదని అడిగావు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ డబ్బు ఎవరు, దేనికోసం ఇచ్చారు? మందిర నిర్మాణానికి ఇచ్చిందీ, విధవరాళ్ల సహాయానికి ఇచ్చిందీ, మామూలు ఆదివారపు కానుకా ఒకే బ్యాంకు ఖాతాలో ఉండొచ్చు. పుస్తకంలో మాత్రం అవి మూడు పద్దులు. నెలాఖరుకు మూడు నిల్వలూ కూడితే వచ్చేది, బ్యాంకు నిల్వలోంచి మనం ఇచ్చి ఇంకా మారని చెక్కులు తీసేస్తే మిగిలేదానితో సరిపోవాలి. కరెంటు బిల్లుకు చాలక నిర్మాణ నిధిలోంచి "వచ్చే నెల వేసేద్దాం" అని తీయడం దగ్గరే ఎక్కువ సంఘాలు జారిపోతాయి. అలా నాలుగుసార్లు తీశాక ఆ నిధి కాగితం మీదే మిగులుతుంది. తప్పనిసరైతే ఎంత తీశారో, ఏ తేదీకి తిరిగి వేస్తారో పెద్దల సమావేశపు మినిట్స్‌ పుస్తకంలో రాయించు.

ఆరాధన కాగానే, సంచి గది దాటకముందే, ఒకే కుటుంబం కాని ఇద్దరు లెక్కపెట్టి సంతకాలు చేయాలి. లెక్కపెట్టేవారు, పుస్తకం రాసేవారు, చెక్కు మీద సంతకం చేసేవారు ఒక్కరే కాకూడదు. వచ్చిన నగదంతా ముందు బ్యాంకులో పడాలి. సంచిలోంచే ఖర్చులకు ఇచ్చేస్తే వచ్చిందెంతో ఇక తేలదు. మనవాళ్ల మీద నమ్మకం లేదా అని ఎవరైనా నొచ్చుకుంటే రెండవ కొరింథీయులకు 8వ అధ్యాయం 20, 21 వచనాలు చూపించు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా పౌలే అంత జాగ్రత్తపడ్డాడు.

ఇక పెట్టుబడి. డబ్బు ఎప్పుడు కావాలో ఆ తేదీయే దాన్ని ఎక్కడ ఉంచాలో చెబుతుంది. మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు సరిపడా సేవింగ్స్ ఖాతాలోనే ఉండనివ్వు, వడ్డీ తక్కువైనా సరే. ఏడాది రెండేళ్లలో ఖర్చయ్యే నిర్మాణ నిధి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కే. అదీ ఒకే ముక్కగా వద్దు. నాలుగు భాగాలు చేసి 3, 6, 9, 12 నెలలకు వేయి, గడువు తీరినదాన్ని మళ్లీ 12 నెలలకు వేస్తూ పో. మూడు నెలలకోసారి ఒక భాగం చేతికొస్తుంది, గడువుకు ముందే తీసి వడ్డీ పోగొట్టుకునే పని ఉండదు. పునాది వేసే తేదీ దగ్గరపడితే తిరిగి వేయడం ఆపేయి.

షేర్లూ, షేర్ల ఫండ్లూ కనీసం ఏడేళ్లు ముట్టుకోనవసరం లేని డబ్బుకే. 40 శాతం పడిపోయిన నిధి మళ్లీ మొదటికి రావాలంటే దాదాపు 67 శాతం పెరగాలి. అంతవరకూ మేస్త్రీ ఆగడు. అసలు మొత్తాన్ని కదపకూడని శాశ్వత నిధి ఉంటే, గత మూడేళ్లలో ఏడాది చివరి విలువల సగటులో ఏటా 4 శాతం చొప్పున వాడుకోవచ్చు: 90, 120, 105 అయితే సగటు 105, ఖర్చుకు 4.2. మంచి ఏడాది చూసి చేయి జారదు, చెడ్డ ఏడాదిలో పరిచర్య ఆగదు.

ఇదంతా ఒక్క పేజీలో రాసి పెద్దల చేత ఆమోదింపజేయి: ఏ నిధి ఎక్కడ, ఎవరు నిర్ణయిస్తారు, మద్యం, జూదం లాంటి ఏ వ్యాపారాల్లో పెట్టకూడదు. మీ నిబంధనావళీ, మీ దేశ చట్టమూ వేటికి ఒప్పుకుంటాయో ఆ పేజీ రాయకముందే చూసుకో. పెట్టుబడి స్కీము తెచ్చింది పెద్దల్లో ఒకరి బావమరిది అయితే ఆ పెద్ద చర్చలోనూ ఓటులోనూ ఉండకూడదు.

విశ్వాసులే తెచ్చే స్కీముల దగ్గర మరీ జాగ్రత్త. అమెరికాలో న్యూ ఎరా అనే ఫౌండేషన్ ఆరు నెలల్లో రెట్టింపు ఇస్తామంది. పేరు చెప్పని దాతలు ఆ డబ్బు కలుపుతారని చెప్పింది. ఆ దాతలే లేరు. 1995లో అది కూలినప్పుడు క్రైస్తవ సంస్థలెన్నో ఇరుక్కున్నాయి. మొదట్లో కొందరికి నిజంగానే రెట్టింపు వచ్చింది, వెనక చేరినవాళ్ల డబ్బుతో. డబ్బు ఎవరి పేరున, ఎక్కడ ఉందో సంబంధం లేని మూడో సంస్థ నుంచి కాగితం రాకపోతే, ప్రార్థన చేసి తెచ్చినా వద్దను.

బ్యాంకుకు వెళ్లినప్పుడు సంతకాల జాబితాలోంచి పాత ట్రెజరర్ పేరు తీయించడం మరిచిపోకు. అనుమానంతో కాదు, ఆయనకూ అది రక్షణే.