సాలీడు వెల్లకిలా పడుకుంది, చచ్చిపోయిందా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. పోరు పడలేక మా అబ్బాయికి మెక్సికన్ రెడ్ నీ టరాంటులా జాతి సాలీడు పిల్లలు రెండు కొనిచ్చాం. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఒకటి పది రోజులుగా తిండి ముట్టలేదు. ఈ రోజు పొద్దున చూస్తే వెల్లకిలా పడి ఉంది. వాడు ఒకటే ఏడుపు. ఏం చేయాలి?
– ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయిని ఊరుకోమనండి. చావుకు దగ్గరైన సాలీడు మామూలుగా బోర్లా ఉండగానే కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటుంది. వెల్లకిలా పడుకుందంటే దాదాపు ఎప్పుడూ కుబుసం విడుస్తోందనే అర్థం. తిండి మానేసిందీ అందుకే. ఈ పత్రిక మీ చేతికి అందేసరికి అది లేచి తిరుగుతూ ఉండాలి.

ఇంకా లేవకపోతే ముట్టుకోవద్దు, తిప్పొద్దు. బతికున్న పురుగు డబ్బాలో ఉంటే తీసేయండి. నా మొదటి సాలీడు పిల్లను నేను అలాగే పోగొట్టుకున్నాను. ఆకలేస్తే అదే తింటుందిలే అని ఇలకోడిని లోపల వదిలేసి ఆఫీసుకెళ్లా. సాయంత్రం వచ్చి చూస్తే ఇలకోడే సాలీడును కొరికేసింది. కొత్త చర్మం అంత మెత్తగా ఉంటుంది మరి.

కుబుసం విడిచాక కోరలు తెల్లగా ఉంటాయి. అవి నల్లబడేదాకా, అంటే ఓ వారం, ఏమీ పెట్టొద్దు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు చాలు. ఇలకోడి కాలు తుంచి వేసినా తింటుంది. ఈ వయసులో చచ్చిన పురుగైనా దానికి ఇష్టమే. ముక్క దాని పొట్టకంటే పెద్దది కాకూడదు. మిగిలింది మర్నాడు తీసేయండి, బూజు పడుతుంది. పెరట్లో పట్టిన పురుగులు మాత్రం వద్దు, వాటి మీద ఏ మందు పడిందో తెలియదు.

రెండోదాన్ని ఇవాళే వేరే కప్పులోకి మార్చండి, లేకపోతే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. మూతకు పిన్నుతో బెజ్జాలు, అడుగున రెండంగుళాల కొబ్బరి పొట్టు, ఒక పక్క తడి. ఇంత చిన్నవి ఎండిపోయి చస్తాయి, అందుకే ఆ తడి ఆరనివ్వొద్దు. దీపాలు, హీటర్లు అక్కర్లేదు; ఇంట్లో మీకు చలి వేయకపోతే దానికీ వేయదు. గొయ్యి తవ్వుకుని మూతి మూసేసుకుంటే తవ్వి చూడకండి.

ఈసారి వాడు నీలం రంగు సాలీడు కావాలంటాడు, ఇప్పుడే చెబుతున్నా. దానికి మా గుత్తి పేరే ఉంది. అక్కడ దొరికిన సాలీడును చూసే 1899లో శాస్త్రవేత్తలు ఆ జాతిని లోకానికి చెప్పారు. ఆ ఊళ్లో పుట్టిన నేను దాన్ని మొదట చూసింది మాత్రం అమెరికాలో, ఒక షాపులో! మహా వేగం, కరిస్తే కండరాలు పట్టేస్తాయి. పిల్లల చేతికి వద్దు.

ఇంకో మాట. మీ రెండిట్లో ఆడది ఉంటే ఇరవై ఏళ్లకు పైనే బతకొచ్చు. మీవాడు కాలేజీకి వెళ్లాక ఇలకోడి కాళ్లు తుంచేది మీరే.