ఫ్రెంచ్ ఒపేరాల్లో (పాటలతో నడిచే నాటకాల్లో) రచయిత ఉజెన్ స్క్రీబ్ పేరు ఎందుకంత వినిపిస్తుంది?

స్క్రీబ్ (1791–1861) పారిస్ పట్టు వ్యాపారి కొడుకు. లా చదువు వదిలేసి నాటకాల్లోకి వచ్చారు. మొదట్లో రాసినవి ఆడలేదు. 1815 తర్వాత దశ తిరిగింది. సహరచయితలతో కలిసి వందల నాటకాలు, ఒపేరా కథలు రాశారు. 1834లో ఫ్రెంచ్ భాషాసాహిత్యాల అత్యున్నత సంస్థ ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికయ్యారు. సంగీతకర్తలు మేయర్‌బేర్‌కి ‘లే యుగెనో’ (1836), అలెవీకి ‘లా జ్వీవ్’ (1835) కథలు ఆయనవే.

నన్ను కదిలించేది మాత్రం మరో రచయిత డెలావిన్యతో కలిసి సంగీతకర్త ఓబేర్ కోసం రాసిన ‘పోర్తిచీ మూగపిల్ల’ (1828). అందరూ పాడే ఒపేరాలో కథానాయిక ఫెనెల్లా మూగది! తన బాధంతా సైగలతోనే చెబుతుంది. ఎంత ధైర్యమైన ఆలోచనో! కథలో జనం పరాయి పాలనపై తిరగబడతారు. 1830 ఆగస్టు 25న బ్రస్సెల్స్‌లో ఇది ఆడిన రాత్రి జనం వీధుల్లోకి వచ్చారు. డచ్ పాలనపై బెల్జియం తిరుగుబాటు అలా మొదలైంది.